రంగు చూసి రాయికి పేరు పెట్టకండి

మా పిన్ని దగ్గర ఒక ఉంగరం ఉంది. సన్నటి బంగారు కట్టు, మధ్యలో చిక్కటి ఎర్రరాయి. పాతికేళ్ళ క్రితం ఒక పెద్దావిడ తన నగలు కొన్ని అమ్ముతుంటే చూసి ముచ్చటపడి కొనుక్కుంది. "ఇది మా అమ్మమ్మ వేలికి ఉండేది, అసలైన కెంపు" అని ఆవిడ చెప్పిందట. నేను రాళ్ళ గురించి నేర్చుకుంటున్నానని తెలిశాక పిన్ని ఒకరోజు ఆ ఉంగరం తీసి నా అరచేతిలో పెట్టింది.

"అసలుదేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు."

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, లూప్ అంటారు దాన్ని, తీసి చూశాను. పలకల అంచులు పదునుగా ఉన్నాయి. గాజు రాళ్ళలో కనిపించే గుండ్రటి బుడగలు లేవు. మనసు తేలికపడింది. తర్వాత ఉంగరాన్ని తెల్లకాగితం మీద పెట్టి, దీపం వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తుంటే ఒక కోణంలో రాయి లోపల సన్నటి గీతలు కనబడ్డాయి. తుడిచిన అద్దం మీద తడిగుడ్డ వదిలే చారల్లా, అన్నీ ఒకే వైపుకి వంపు తిరిగి ఉన్నాయి. ఆ వంపే అసలు సంగతి చెప్పేసింది.

నేలలో పుట్టిన కెంపులో ఎదుగుదల గీతలు ఉంటే నిటారుగా ఉంటాయి, లేదా కోణాలుగా విరిగి ఉంటాయి. స్ఫటికం పలక మీద పలకగా పెరుగుతుంది కాబట్టి దానికి వంపు తెలియదు. వంపు గీతలు వచ్చేది మంటలో చేసిన రాయికే. అగస్త్ వెర్నూయి అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1902లో ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. మెత్తటి అల్యూమినా పొడిలో రవ్వంత క్రోమియం కలిపి, ఆక్సిజన్-హైడ్రోజన్ మంట గుండా కిందికి రాలుస్తారు. పొడి మంటలో కరిగి, కింద మెల్లగా తిరుగుతున్న కడ్డీ మీద బొట్టుబొట్టుగా పేరుకుంటుంది. పేరుకున్న ముద్ద పైభాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్కో పొరా అదే వంపుతో గట్టిపడుతుంది. కొన్ని గంటల్లో పెద్ద ఎర్రటి స్ఫటికం తయారు. దాన్ని కోసి, సానబట్టి, బంగారంలో పొదిగితే మా పిన్ని ఉంగరం.

పిన్నికి చెప్పాను. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆవిడ నాకు అబద్ధం చెప్పిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే ఆవిడ అబద్ధం చెప్పిందని నేను అనుకోను. అది నిజంగానే వాళ్ళ అమ్మమ్మ ఉంగరం అయ్యుంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల నుంచే ఈ రాళ్ళు నగల్లోకి వచ్చాయి. వాచీల్లో ఇరుసులు అరిగిపోకుండా పెట్టే చిన్న ఎర్రరాళ్ళూ ఇవే. నగల్లో వీటిని మంచి బంగారంలోనే పొదిగారు. అమ్మమ్మకు తెలిసే ఉండొచ్చు, కూతురికి చెప్పి ఉండకపోవచ్చు. మనవరాలి దాకా వచ్చేసరికి రాయి పాతబడింది, పాతదనమే దానికి సాక్ష్యమైపోయింది.

సెకండ్‌హ్యాండ్ నగలు కొనేవాళ్ళలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. "పాతది కదా, ఆ రోజుల్లో నకిలీలు ఎక్కడివి?" అంటారు. ఆ రోజుల్లోనూ ఉన్నాయి. సీసం కలిపిన మెరుపు గాజును వజ్రంలా కోసి నగల్లో పెట్టడం పద్దెనిమిదో శతాబ్దంలోనే పెద్ద కళ. పారిస్‌లో ఆ పని చేసి పేరు తెచ్చుకున్న స్ట్రాస్ పేరే చాలా ఐరోపా భాషల్లో ఇప్పటికీ గాజు రాయికి పేరు. వందేళ్ళు దాటిన ఉంగరంలో గాజు ఉండొచ్చు, వందేళ్ళు దాటిన ఉంగరంలో మంటలో చేసిన కెంపూ ఉండొచ్చు. పైగా నగ వయసు వేరు, రాయి వయసు వేరు. మధ్యలో ఎప్పుడో ఒక రాయి ఊడిపోతుంది, బాగుచేసేటప్పుడు దొరికిన రాయి పెడతారు, ఆ మాట ఎవరికీ గుర్తుండదు. హాల్‌మార్క్ ఉందని ధీమా పడేవాళ్ళనూ చూశాను. ఆ ముద్ర లోహం గురించి చెబుతుంది. రాయి గురించి అది ఒక్క మాట కూడా మాట్లాడదు.

మన భాషలో ఇంకో చిక్కు కూడా ఉంది. కెంపు, పచ్చ, నీలం. మూడూ రంగుల పేర్లే. ఎర్రగా ఉన్నది కెంపు, ఆకుపచ్చగా ఉన్నది పచ్చ, నీలంగా ఉన్నది నీలం. పేరులోనే రంగు ఉంది కాబట్టి రంగు చూడగానే పేరు నోట్లోంచి వచ్చేస్తుంది. అయితే ఎర్రగా ఉండేవి ఎన్ని! గార్నెట్ ఎరుపు, స్పినెల్ ఎరుపు, టూర్మలిన్ ఎరుపు, గాజు ఎరుపు. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగంలో ఉన్న పెద్ద ఎర్రరాయిని శతాబ్దాల పాటు కెంపు అనుకున్నారు. ఇప్పటికీ దాన్ని 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అనే పిలుస్తారు. అది స్పినెల్, కెంపు కాని వేరే ఖనిజం. రాజుల ఖజానాలో, ఆనాటి గొప్ప రత్నపరీక్షకుల కళ్ళ ముందు ఉన్న రాయికే రంగును బట్టి పేరు పెట్టి పొరబడ్డారంటే, ఫోన్‌లో ఒక ఫొటో చూసి "ఇది కెంపే" అనేవాళ్ళను ఎలా నమ్మేది? పసుపు రాళ్ళ విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. పుష్యరాగం అంటే నిఘంటువు టోపాజ్ అంటుంది, వ్యాపారంలో చాలామంది పసుపు రంగులో ఉండే నీలాన్ని, అంటే ఎల్లో సఫైర్‌ను, పుష్యరాగం అంటారు, పాత పెట్టెల్లో 'టోపాజ్' అని రాసి ఉన్నవాటిలో బోలెడు సిట్రిన్‌లు, అంటే పసుపు క్వార్ట్జ్. అందుకే అమ్మేవాళ్ళు తెలుగు పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఖనిజం పేరు అడగాలి.

నేను గట్టిగా నమ్మే మాట ఇది. ఇంట్లో మనం చేసుకోగల ఏ పరీక్షా "అవును, ఇది అసలుదే" అని చెప్పలేదు. మహా అయితే "ఇది కాదు" అని చెప్పగలదు, అంతే. ఈ తేడా తెలియక జరిగే నష్టం నకిలీల వల్ల జరిగే నష్టం కంటే తక్కువేం కాదు. ఎందుకంటే "అవును" అనిపించుకోవాలని మనం రాయిని గీస్తాం, కాలుస్తాం, నానబెడతాం.

నేనూ ఒక రాయిని పాడుచేశాను. మొదట్లో ఒక జత పాత చెవిపోగులు కొన్నాను. తెల్లటి రాళ్ళు, మంచి మెరుపు, లోపల రంగురంగుల నిప్పురవ్వలు. వజ్రం గాజును గీస్తుందని ఎక్కడో చదివాను కదా, ఒక సీసా ముక్క తీసుకుని రాయి అంచుతో గట్టిగా గీశాను. గీత పడింది. సంతోషంతో గంతేశాను. నెల తర్వాత ఒక అనుభవజ్ఞురాలు లూప్‌లో చూసి, "ఇవి జిర్కాన్‌లు. ఈ రాయి అంచు ఇప్పుడే చిట్లినట్టుంది, ఏమైనా తగిలిందా?" అని అడిగారు. తగిలింది నా చెయ్యే. అది వజ్రం కాకపోయినా నేలలో పుట్టిన అందమైన పాత రాయి, ఎన్నో ఏళ్ళు చెక్కుచెదరకుండా వచ్చి నా దగ్గర చిట్లింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ పరీక్షలో తప్పెక్కడో చూడండి. మామూలు గాజు కాఠిన్యం మోస్ కొలతలో అయిదున్నర దాకా ఉంటుంది. క్వార్ట్జ్ 7, జిర్కాన్ ఏడున్నర దాకా, టోపాజ్ 8, కెంపూ నీలమూ 9, వజ్రం 10. క్వార్ట్జ్ నుంచి పైన ఉన్నవన్నీ గాజును గీస్తాయి. మంటలో చేసిన కెంపూ గీస్తుంది, క్యూబిక్ జిర్కోనియా కూడా గీస్తుంది. కాబట్టి గీత పడితే తెలిసేది దాదాపు సున్నా. ఇక గట్టిదనం వేరు, పెళుసుతనం వేరు. జిర్కాన్ గట్టి రాయే, కానీ అంచులు ఎంత పెళుసంటే, విడి రాళ్ళను ఒకే పొట్లంలో కలిపి ఉంచితే ఒకదానికొకటి రాసుకునే అంచులు అరిగిపోతాయి. (జిర్కాన్, జిర్కోనియా ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. మొదటిది సహజ ఖనిజం. రెండోది 1976 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన తయారీ రాయి, మనం అమెరికన్ డైమండ్ అనేది. దాని పేరు పోలిక వల్ల పాపం జిర్కాన్‌కు చెడ్డపేరు వచ్చింది.)

కాల్చిన సూది గుచ్చడం, వెనిగర్‌లో వేయడం, అసిటోన్‌తో తుడవడం, మరిగే నీళ్ళలో ముంచడం, ఇవన్నీ వీడియోల్లో చాలా ధైర్యంగా చూపిస్తారు. దయచేసి చేయకండి. ముత్యానికి, పగడానికి పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. పచ్చల్లో చాలావాటికి పగుళ్ళు కనబడకుండా నూనె పట్టించి ఉంటారు. వేడినీళ్ళు, నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్, అసిటోన్ లాంటి సాల్వెంట్ ఏది తగిలినా నూనె బయటికి వచ్చి, నిన్నటి దాకా నిగనిగలాడిన పచ్చలో తెల్లటి చీలికలు తేలతాయి. పొరలు అతికించిన ఓపల్‌ను నీళ్ళలో నానబెడితే అతుకులోకి తేమ చేరి మసకబారుతుంది. పరీక్షలో నెగ్గిన రాయి కూడా పరీక్ష వల్ల పాడైతే ఇక ఆ పరీక్ష ఎవరి కోసం?

మరి ఏం చేయాలి? చూడాలి. ఓపికగా, తాకకుండా, చాలాసేపు చూడాలి. నగను ముందు మెత్తటి గుడ్డతో తుడవండి, ఎందుకంటే పైనున్న దుమ్ము లోపలి మచ్చలా కనబడి టెన్షన్ పెడుతుంది. లూప్‌ను కంటికి దాదాపు ఆనించి పట్టుకుని, నగను దానికి దగ్గరగా తీసుకురండి. దూరంగా పట్టుకుని చూస్తే ఏమీ కనబడదు. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించండి. వెలుతురు రాయి మీద ముందు నుంచి కాకుండా పక్క నుంచి పడాలి. రెండు కళ్ళూ తెరిచే ఉంచడం అలవాటు చేసుకుంటే తలనొప్పి రాదు.

మొదట చూడవలసింది రాయి లోపల కాదు, పలకల అంచులు. ఇంట్లో దుమ్ములో కూడా క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గాజు వాటికంటే మెత్తన. ఇరవై ముప్పై ఏళ్ళు వేలికి ఉన్న గాజు రాయి అంచులు తుడిచీ తుడిచీ మొద్దుబారి, పైన సన్నటి గీతలు పడి ఉంటాయి. అచ్చులో పోసిన గాజైతే అంచులు పుట్టుకతోనే గుండ్రం, పలకలు కొద్దిగా లోపలికి కుంగి ఉంటాయి. వజ్రం అంచు మాత్రం ఎన్నేళ్ళకైనా దాదాపు కత్తి అంచే. పాత ఉంగరంలో బంగారం అరిగిపోయి, రాయిని పట్టుకున్న లోహపు గోళ్ళు నున్నబడి, రాయి మాత్రం నిన్న కోసినట్టు ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. రాయి చాలా గట్టిది, లేదా ఈమధ్యే మార్చారు. గోళ్ళలో ఒకటి రెండు మాత్రం కొత్తగా, మందంగా కనబడితే రెండో కారణం వైపు మొగ్గాలి.

తర్వాత నగను బోర్లించండి. వెనుకవైపు తెరిచి ఉంటే అదృష్టం. మూసి ఉంటే జాగ్రత్తపడాలి, ఎందుకంటే మూసిన సెట్టింగ్‌లో రాయి కింద తళుకు రేకు పెట్టడం పాతకాలం పని. రంగులేని రాయి కింద ఎర్ర రేకు పెడితే ఎర్రరాయి, పాలిపోయిన రాయి కింద మంచి రేకు పెడితే మంచి రాయి. పైన పటారం, లోన లొటారం అన్నట్టు. అయితే తొందరపడకండి, అసలు రాళ్ళకూ మెరుపు కోసం అలాగే రేకు పెట్టేవారు. రేకు ఉందంటే నకిలీ అని అర్థం కాదు, రంగును నమ్మకూడదని అర్థం. రేకున్న నగను నీళ్ళలో అస్సలు ముంచకండి. తేమ తగిలితే రేకు నల్లబడుతుంది, ఆ తర్వాత ఏ రాయైనా చచ్చిన చేపకన్నులా కనబడుతుంది.

తర్వాత పక్క నుంచి చూడండి. అతుకు రాళ్ళు, డబ్లెట్‌లు, ఇక్కడే దొరుకుతాయి. నాకు ఇవంటే ఒక విధమైన గౌరవం. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి, సింథటిక్ రాళ్ళు వచ్చేదాకా ఒక రకం అతుకు రాయి విరివిగా తయారైంది. అడుగున రంగు గాజు, పైన పల్చటి గార్నెట్ పొర. రెంటినీ వేడితో అతికించేవారు. పైన గార్నెట్ కాబట్టి మెరుపు బాగుంటుంది, గీతలు పడవు, లోపల సహజ రాయి మచ్చలు కూడా కనబడతాయి. గాజు నీలమైతే నీలం, ఆకుపచ్చైతే పచ్చ. పక్క నుంచి చూస్తే ఒక గీత దగ్గర మెరుపు మారుతుంది, అతుకులో చదునైన బుడగలు ఉంటాయి. విడి రాయైతే తెల్లకాగితం మీద బోర్లించి చూడండి. ఆకుపచ్చ రాయి చుట్టూ ఎర్రటి వలయం కనబడుతుంది. మొదటిసారి ఆ వలయం చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గార్నెట్ తన ఎరుపును దాచుకోలేకపోయింది.

లోపలికి చూడడం చివరి పని. గాజులో గుండ్రటి బుడగలు, పాకంలో తిరిగిన సుడుల్లాంటి మెలికలు. మంటలో చేసిన కెంపులో వంపు గీతలు, అప్పుడప్పుడు చిన్న బుడగలు. సహజ కెంపులో సన్నటి సూదులు కోణాలుగా అల్లుకుని పట్టు పోగుల్లా మెరవచ్చు, వేలిముద్రల్లాంటి నమూనాలు ఉండొచ్చు. లోపల ఏ మచ్చా లేని పెద్ద ఎర్రరాయి దొరికితే సంబరపడకండి, అనుమానించండి. ఇక రాయి పై పలకలోంచి అడుగు పలకల అంచులు రెండు రెండుగా కనబడుతున్నాయా చూడండి. జిర్కాన్‌లో ఈ జంట గీతలు స్పష్టంగా కనబడతాయి, పెరిడాట్‌లో కూడా. గాజులో, స్పినెల్‌లో, వజ్రంలో కనబడవు. నా చెవిపోగులను గీయకుండా ఒక్క నిమిషం ఇలా చూసి ఉంటే సంగతి తెలిసిపోయేది.

వజ్రం గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్పాలి. ఊపిరి ఊదితే ఆవిరి వెంటనే పోవాలన్న పరీక్ష హానిలేనిది. వజ్రం వేడిని చాలా వేగంగా లాగేస్తుంది కాబట్టి ఆవిరి నిలవదు. రాయి మీద ఆవిరి నిలిస్తే "వజ్రం కాదు" అనుకోవచ్చు. నిలవకపోతే ఏమీ అనుకోవడానికి లేదు. ఎందుకంటే మోయిసనైట్ ఉంది. 1893లో హెన్రీ మోయిసాన్ అరిజోనాలోని ఉల్కాపాత బిలం దగ్గరి నమూనాల్లో కనుక్కున్న ఖనిజం అది. నగల్లో ఉన్నది మాత్రం ల్యాబ్‌లో చేసిందే. వేడిని కొలిచే పెన్ను లాంటి టెస్టర్ దాన్ని కూడా వజ్రం అనే అంటుంది. మోయిసనైట్‌ను నేరుగా కాకుండా కాస్త పక్కకు వంచి పక్క పలకలోంచి చూస్తే అంచులు జంటగా కనబడతాయి, దాని రంగుల మెరుపు వజ్రానికి రెట్టింపు పైనే. టెస్టర్ పచ్చలైట్ వెలిగిందని పాత ఉంగరం కొనేసినవాళ్ళు నాకు తెలుసు. సరే, మోయిసనైట్ కాదని తేలిందనుకోండి. 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారీ వజ్రాన్ని ప్రకటించింది, ఇప్పుడు నగలకు సరిపడే ల్యాబ్ వజ్రాలు విరివిగా ఉన్నాయి. అవి వజ్రాలే, అదే కార్బన్. కంటితో గానీ లూప్‌తో గానీ ఆ టెస్టర్‌తో గానీ తేడా తెలియదు. దానికి పెద్ద పరికరాలున్న ల్యాబ్ కావాల్సిందే.

ముత్యాల సంగతి కూడా అంతే. పంటికి మెల్లగా ఆనిస్తే ఇసుకలా గరగరమంటే ముత్యం, నున్నగా ఉంటే పూత పూసిన పూస. ఇక్కడ కూడా "కాదు" అన్న జవాబు ఒక్కటే గట్టిది. చేత్తో పెంచిన కల్చర్డ్ ముత్యం కూడా గరగరమనే అంటుంది. రంధ్రం దగ్గర లూప్‌తో చూస్తే పూస మీద పూత రేగి కనబడుతుంది, కల్చర్డ్ ముత్యంలో లోపలి గుండుకీ పైపొరకీ మధ్య ఒక గీత కనబడవచ్చు. ఏ చెయ్యీ పడకుండా పుట్టిన ముత్యమా కాదా అన్నది ఎక్స్‌రే చెప్పాలి.

పరికరాలకు కూడా హద్దు ఉంది. కాంతి ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ చాలా మంచి సాధనం. స్పినెల్‌ను 1.72 దగ్గర, కెంపును 1.76-1.77 దగ్గర చూపిస్తుంది. బ్లాక్ ప్రిన్స్ రాయి లాంటి పొరపాటు దానితో నిమిషంలో తేలిపోతుంది. కానీ మా పిన్ని ఉంగరంలోని రాయి మీద పెట్టినా అదే 1.76-1.77 వస్తుంది, ఎందుకంటే వెర్నూయి రాయి నిజంగా కోరండమే, కెంపు ఖనిజమే. అది చెప్పేది ఖనిజమేంటని, ఎక్కడ పుట్టిందని కాదు.

అందుకే నాకు "అసలు-నకిలీ" అనే జంటమాట మీద కోపం. ఆ రెండు గదుల్లో నాలుగు రకాల మనుషుల్ని కుక్కుతున్నాం. వేరే పదార్థం, కెంపులా కనబడేది, నకిలీ. ఆ పదార్థమే, మనిషి చేసినది, సింథటిక్. నేలలో పుట్టి, వేడి చేయడమో నూనె పట్టించడమో జరిగింది, ట్రీట్ చేసిన రాయి. నేలలో పుట్టి కోసి సానబట్టడం తప్ప ఏమీ జరగనిది నాలుగోది, అదే అన్నింటికంటే అరుదు. ఇవి కలిసిపోయినప్పుడు ఏమవుతుందో సీసపు గాజు నింపిన కెంపులు చూపిస్తాయి. 2004 ప్రాంతం నుంచి మార్కెట్లో ఇవి ఎక్కువయ్యాయి. నిండా పగుళ్ళున్న నాసిరకం కెంపులోకి సీసం కలిపిన గాజు కరిగించి పోస్తారు, పగుళ్ళు మాయమై రాయి నిగనిగలాడుతుంది. "సహజ కెంపు" అంటే అబద్ధం అనలేం, నిజమూ అనలేం. లూప్‌తో పగుళ్ళ వెంట చూస్తే నీలపు మెరుపు తళుక్కుమంటుంది, చిక్కుకున్న బుడగలు కనబడతాయి. ఈ రాయి ఉన్న ఉంగరం సైజు మార్చడానికి ఇచ్చారనుకోండి. పనివాడు టంకం పెట్టే మంట తగలగానే గాజు కారిపోతుంది. ఆమ్లంలో శుభ్రం చేస్తే అది గాజును తినేసి రాయి మీద గీతలు లేస్తాయి. తప్పు పనివాడి మీద పడుతుంది. రాయి గురించి అతనికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

"అందంగా ఉంటే చాలదా, ఇంత ఆరా ఎందుకు?" అని అడిగేవాళ్ళకు నా జవాబు అక్కడే ఉంది. అందం విషయంలో నాకేం తగువు లేదు. కానీ నగ ఒకరి దగ్గర ఆగేది కాదు. దాన్ని బాగుచేసేవాళ్ళు ఉంటారు, కడిగేవాళ్ళు ఉంటారు, అవసరానికి అమ్ముకునేవాళ్ళు ఉంటారు, కూతురికి ఇచ్చేవాళ్ళు ఉంటారు. అదేమిటో తెలియకపోతే వీళ్ళలో ఎవరో ఒకరు నష్టపోతారు, చాలాసార్లు అమాయకులే. నా అభిప్రాయంలో, కొనేటప్పుడు "అసలుదేనా?" అని అడగడం మానేయాలి. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. "ఖనిజం పేరేంటి? నేలలోదా, చేసినదా? ఏదైనా ట్రీట్‌మెంట్ జరిగిందా? ఇది మీకు ఎలా తెలుసు?" అని అడగాలి. ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "మా అమ్మ చెప్పింది" అన్నది నిజాయితీ గల జవాబే, కానీ అది రాయి గురించిన జవాబు కాదు. ల్యాబ్ రిపోర్ట్ ఉందంటే, అందులో రాసిన బరువు, కొలతలు ఈ రాయికి సరిపోతున్నాయో లేదో చూడాలి. రిపోర్ట్ ఒక రాయిది, ఉంగరంలో ఉన్నది ఇంకో రాయి అయితే ఆ కాగితం దేనికి? రిపోర్ట్ లేకపోతే, బిల్లు మీద ఆ జవాబులు రాసిమ్మని అడగండి, ల్యాబ్‌లో వేరుగా తేలితే వెనక్కి తీసుకుంటారా అనీ అడగండి. నోటితో గట్టిగా చెప్పినవాళ్ళు రాయమనగానే మాట మార్చడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. విలువైన రాయి అనిపిస్తే కొనేముందే ల్యాబ్‌కు పంపే వీలు అడగండి. కుదరదంటే, సింథటిక్ రాయికి ఎంత ఇవ్వడానికి ఇష్టమో అంతకే కొనండి.

అమ్మేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలని ఉంది. తెలియనప్పుడు "ఎర్రరాయి, పరీక్ష చేయించలేదు" అని రాయడంలో సిగ్గు లేదు. నేను అలా రాసినవాళ్ళ దగ్గరే కొంటాను.

మా పిన్ని ఉంగరం సంగతి చెప్పలేదు. ఆవిడ దాన్ని తీసేయలేదు. రెండు రోజులు పెట్టెలో పెట్టింది, మూడో రోజు మళ్ళీ వేలికి పెట్టుకుంది. "ఎవరు చేశారన్నావు?" అని పేరు అడిగి, రెండుసార్లు పలికింది. తర్వాత ఒక చిన్న కాగితం తెచ్చి నా చేతికిచ్చి, "రాసిపెట్టు, నా తర్వాత మా కోడలికి ఈ గొడవ ఉండకూడదు" అంది. రాశాను: "బంగారు ఉంగరం. సింథటిక్ కెంపు, మంటలో చేసినది, లోపల వంపు గీతలు ఉన్నాయి. లూప్‌తో చూసి రాసినది, ల్యాబ్‌లో పరీక్షించలేదు." పిన్ని చదివి, కలం తీసుకుని కింద ఇంకో వాక్యం తనే రాసింది: "పాతికేళ్ళు నేను పెట్టుకున్నాను." కాగితాన్ని మడిచి, ఉంగరం పెట్టె అడుగున దూది కింద పెట్టింది.